సెలవుదినం: కానన్‌డేగ్వాలో ఒక ఆదివారం

ఈ శీర్షికలో ఇంతవరకు నయాగరాను గురించి వ్రాయలేదేమని కొందరు మిత్రులు అడుగుతున్నారు. బఫెలోలో కాపురముంటున్న మనకు నయాగరాను గురించి ఒకరు చెప్పాలా? ఇండియా నుంచి ఎవరి తల్లిదండ్రులు వచ్చినా మొదటి ఆదివారం అక్కడికే. ఫోటోలు కూడా అదే కటకటాల దగ్గర, అదే భంగిమలో. చిక్కల్లా రెండవ ఆదివారంతోనే. పెద్దవాళ్ళు ఎక్కువ దూరం నడవలేరు. పిల్లలు ఒకచోట కూర్చోలేరు. మాంసం వాసన తగలని చోట చాప పరచుకొని నాలుగు ముద్దలు తినాలి. దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. ఈ షరతులన్నిటికీ సరిపోయే ఊరు మాకు ఈ జూన్ నెలాఖరులో దొరికింది. దాని పేరు కానన్‌డేగ్వా.

మా అమ్మ ఫిబ్రవరిలో తెనాలి నుంచి వచ్చింది. నాన్నగారి సంవత్సరీకాలు జనవరిలో అయిపోయాయి. ఆ వెంటనే టిక్కెట్టు పంపించాము. మంచులో నయాగరా చూపిస్తే, "నీళ్ళు బాగానే ఉన్నాయి, కాళ్ళు కడుక్కునే వీలే లేదు" అన్నది. ఆ తరువాత నాలుగు నెలలు మా ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలోనే కూర్చున్నది. ప్రతి ఆదివారం ఉదయం తెనాలికి ఫోను చేసి పక్కవాటాలో ఉంటున్న టీచరమ్మతో పది నిమిషాలు మాట్లాడుతుంది. మాటలన్నీ పెరట్లో మొక్కల గురించే. జాజిపందిరి గుంజ ఒరిగిందా, కనకాంబరాలకు నీళ్ళు పడుతున్నాయా, మరువం బ్రతికున్నదా. మిగిలిన వారమంతా మౌనం.

ఆగస్టు 9న తిరుగుప్రయాణం. అప్పటికి ఆమెకిచ్చిన ఆరు నెలల గడువు ముగుస్తుంది. మరో ఆరు నెలలు పొడిగించమని కోరే అర్జీని మా ఇంటావిడ పూర్తిచేసి సొరుగులో పెట్టింది. అమ్మతో మాత్రం చెప్పలేదు. ఇంట్లో అడిగితే కాదంటుంది, ఎక్కడికైనా తీసుకొనివెళ్ళి మంచి మాటల మధ్య అడుగుదామని మా ఎత్తు. కాబట్టి ఈ ప్రయాణం కేవలం విహారం కాదని పాఠకులకు ముందే మనవి చేస్తున్నాము.

త్రూవే మీద తూర్పుగా వెళ్ళి 44వ ఎగ్జిట్ దగ్గర దిగి, 332వ నంబరు రోడ్డు పట్టుకొని దక్షిణంగా పోవాలి. మొత్తం గంటన్నర. ఆ రోడ్డే ఊళ్ళోకి వచ్చేసరికి మెయిన్ స్ట్రీట్ అవుతుంది, అదే తిన్నగా సరస్సు ఒడ్డుకు దింపుతుంది. దారి తప్పడానికి అవకాశమే లేదు. పులిహోర, దద్ధోజనం, వడియాలు, థర్మాస్ నిండా కాఫీ తెల్లవారకముందే సిద్ధమయ్యాయి. ఊరి పేరేమిటని అమ్మ అడిగింది. చెప్పాము. "కనకదుర్గా?" అన్నది. కాదని పిల్లలు నవ్వారు గాని, ఆమె దారి పొడుగునా కనకదుర్గ ఊరనే అన్నది. ఇంటికి తిరిగివచ్చేసరికి మేమూ అలాగే అంటున్నాము. సెనెకా తెగవారి భాషలో ఆ పేరుకు 'ఏరికోరుకొన్న చోటు' అని అర్థం చెబుతారు.

మెయిన్ స్ట్రీట్‌లో బంగారు రంగు గుమ్మటంతో ఒక న్యాయస్థాన భవనం కనబడుతుంది. అక్కడ కారు ఆపవలసిందే. 1872 ఎన్నికలలో రోచెస్టర్‌లో ఓటు వేసినందుకు సూజన్ బి. ఆంథొనీని 1873 జూన్‌లో విచారించినది ఈ ఊళ్ళోనే. అప్పటికి ఆడవారికి ఓటు లేదు. దోషి అని తీర్పు చెప్పమని జడ్జియే జూరీని ఆదేశించి, 100 డాలర్ల జరిమానా వేశాడు. ఆమె ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. మా ఇంటావిడకు ఈ కథ ఎంతో నచ్చి, దారిలో మళ్ళీ మొదటినుంచి చెప్పించుకొన్నది.

ఆ ఆవరణలోనే ఒక పెద్ద బండరాయి, దానికొక ఫలకం. 1794 నవంబరు 11న అమెరికా ప్రభుత్వానికీ ఆరు తెగల సమాఖ్యకూ ఈ ఊళ్ళో కుదిరిన ఒప్పందానికి గుర్తు. వారి భూములు వారివేనని హామీ ఇచ్చి, ఏటా కొంత విలువగల సామాను పంపుతామని వ్రాసుకొన్నారు. ఆ లెక్కలో గుడ్డ ఇప్పటికీ పంపుతున్నారు. 1960లలో కిన్‌జువా ఆనకట్ట కట్టినప్పుడు మాత్రం, సెనెకా వారి భూమి సుమారు పదివేల ఎకరాలు నీళ్ళలో మునిగిపోయింది. మేము ఇదంతా తెలుగులో చెప్పగా విని అమ్మ, "భూమి తీసుకొని బట్ట పెట్టారన్నమాట" అన్నది. అంతకంటె కుదురుగా చెప్పడం మాకు చేతకాలేదు.

ఇక అసలు చూడవలసినది సోనెన్‌బర్గ్ తోటలు. జర్మను మాట, ఎండకొండ అని చెప్పుకోవచ్చు. సుమారు 50 ఎకరాల ఆవరణ, మధ్యలో నలభై గదుల రాతిమేడ. న్యూయార్క్ నగరంలో బ్యాంకు వ్యాపారం చేసిన ఫ్రెడరిక్ ఫెరిస్ థాంప్సన్, ఆయన భార్య మేరీ క్లార్క్ థాంప్సన్ 1863లో ఈ స్థలం కొన్నారు. 1885, 1887 సంవత్సరాల మధ్య ఈ మేడ కట్టించారు. ఆమె ఈ ప్రాంతపు ఆడపడుచే. తండ్రి మైరన్ హాలీ క్లార్క్ న్యూయార్క్ రాష్ట్రానికి గవర్నరుగా చేశాడు. వేసవికి వచ్చి ఉండే ఇల్లన్నమాట ఇది. పిల్లలు లేరు. 1899లో భర్త పోయాడు. ఆ తరువాత 1901 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళపాటు ఆమె ఒకదాని తరువాత ఒకటిగా తోటలు వేయించింది. ప్రణాళిక గీసినది బోస్టన్‌కు చెందిన ఎర్నెస్ట్ బౌడిచ్.

జపాను తోటలో చిన్న వంతెన, టీ తాగే కుటీరం ఉన్నాయి. రాళ్ళతోటలో వాగులు, అడుగురాళ్ళు ఉన్నాయి. మా నాలుగేళ్ళ వాడు అక్కడ ఒక బూటు తడుపుకొన్నాడు. ఇటలీ తోట నేలకు కాస్త పల్లంగా, పూలతో ముగ్గు వేసినట్టు ఉంటుంది. మేడమీది కిటికీలో నుంచి చూస్తేనే ఆ ముగ్గు తెలుస్తుంది. సంక్రాంతికి మనవారు వేసిన ముగ్గును డాబామీద నుంచి చూసినట్టే. గాజుటిళ్ళలో ఒకదానిలో అమ్మ ఆగిపోయింది. లోపలన్నీ జెముడు మొక్కలు. ఒక్కొక్కదానికి పేరు వ్రాసిన చీటీ, చుట్టూ గులకరాళ్ళు. "మన పొలానికి కంచె వేసేది ఇదేగా! దీన్ని డబ్బిచ్చి చూస్తున్నామా?" అని నాలుగు నెలలలో మొదటిసారి నవ్వింది.

తెల్లపూలు, నీలిపూలు మాత్రమే వేసిన చిన్న తోట దగ్గర బెంచీ ఉన్నది. మోకాళ్ళకు విశ్రాంతి కావాలని అక్కడ కూర్చున్నాము. ఆమె మోకాళ్ళు మేమే పరీక్ష చేశాము, అరుగుదల ఉన్నది, కూర్చోబెడితే మరీ బిగుసుకొంటాయి. ఇది వైద్యుడి మాట. కొడుకుగా చెప్పినప్పుడు వినదు కాబట్టి ఇక్కడ అచ్చులో చెబుతున్నాము.

అక్కడ అమ్మ అడిగిన ప్రశ్నలు, మా జవాబులు ఉన్నవి ఉన్నట్టు వ్రాస్తాము.

"ఇవన్నీ ఆయనుండగానే వేసిందా?"

"కాదమ్మా, పోయిన తరువాత."

"ఎంత తరువాత?"

"రెండేళ్ళకు మొదలుపెట్టింది."

"ఇన్ని పూలా?" అన్నది. కాసేపాగి, "ఎవరూ ఏమీ అనలేదా?" అన్నది.

ఏమన్నారో మాకు తెలియదు. తెలియదనే చెప్పాము. మా ఇంట్లో ఎవరూ అమ్మను ఏమీ అనలేదు. పూలు పెట్టుకోవద్దనిగాని, ముట్టవద్దనిగాని మేము అన్నది లేదు, మా పిన్నులూ అనలేదు. అయినా నాన్నగారు పోయిన పదకొండో రోజు నుంచి ఆమె పూలు ముట్టలేదు. పెట్టుకోవడం మాట అటుంచి, కోయడం కూడా మానేసింది. దేవుడి దగ్గర అక్షతలు వేసి ఊరుకొంటుంది. తెనాలిలో మా పెరటి గులాబీలు వీధి మొత్తానికి శ్రావణమాసంలో పేరంటాలకు వెళ్ళేవి. మొక్కకు చిన్న అంటు కట్టడం దగ్గరనుంచి అన్నీ ఆమె చేతులతోనే. అన్నీ తెలిసిన ఆ చేతులు మా ముందుగదిలో ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం మేము చూస్తూనే ఉన్నాము. డాక్టర్లమైనా దానికి ఏ పేరు పెట్టాలో, ఏ మందు వ్రాయాలో తోచలేదు.

నాన్నగారు పోయిన కబురు మాకు ఇక్కడ రాత్రి మూడు గంటలకు ఫోనులో వచ్చింది. మేము తెనాలి చేరేసరికి నాలుగో రోజు. మా చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. ఈ మాట ఇంతవరకు ఈ శీర్షికలో వ్రాయలేదు. చదివేవారిలో చాలామందికి తమ తమ మూడు గంటల ఫోను ఉన్నదని తెలుసు, అందుకే ఇంతకంటె వ్రాయము.

మేరీ థాంప్సన్ భర్త పేరున తోటలతో ఆగలేదు. 1904లో ఈ ఊళ్ళో ఆయన పేరుతో ఆసుపత్రి పెట్టించింది. అది ఇప్పటికీ నడుస్తున్నది. ఇది చెప్పగానే మేము మనసులో ఉన్న ఇంకొక మాట బయటపెట్టాము. నాన్నగారి పేరున మన ఊళ్ళో ఏదైనా చేద్దామని ఏడాదిగా మా ఆలోచన. కల్యాణమంటపంలో ఒక గది కట్టించి పేరు చెక్కిస్తారట, బంధువులు ఒకరు వివరాలు పంపారు. అమ్మ దానికి జవాబివ్వకుండా, "మరి ఆవిడ పోయాక ఈ తోటలెవరు చూశారు?" అని అడిగింది.

అది చెప్పవలసిన కథే. మేరీ 1923లో పోయింది. ఎస్టేటు మేనల్లుడికి వచ్చింది. అతడు 1931లో కేంద్ర ప్రభుత్వానికి అమ్మాడు. పొలాల భాగంలో మాజీ సైనికుల ఆసుపత్రి లేచింది. తోటలు చూసే దిక్కులేక నలభై ఏళ్ళు పాడుపడ్డాయి. చివరకు ఊరివాళ్ళే పూనుకొని సంఘం పెట్టుకొని, 1973లో జనానికి తెరిచారు. 2006లో రాష్ట్రప్రభుత్వం కొన్నది.

ఆ మాజీ సైనికుల ఆసుపత్రి గోడకు ఆవల ఇప్పటికీ ఉన్నది. మన డాక్టర్లలో ఎందరో ఇటువంటి ఆసుపత్రులలో పనిచేశారు, చేస్తున్నారు. ప్రాణం మీదికి తెచ్చుకోవాలనుకొనే మాజీ సైనికులు దేశంలో ఏ మూలనుంచి ఫోను చేసినా పలికే కేంద్రం 2007లో ఈ ఊళ్ళోనే మొదలయింది. రాత్రి రెండింటికీ మూడింటికీ ఎవరో ఒకరు ఇక్కడ ఫోను ఎత్తుతారు. ముఖం తెలియని మనిషి గొంతు ఎంతమేరకు ఆదుకొంటుందో వైద్యశాస్త్రం లెక్కలు కడుతుంది. మాకు ఆదివారం ఉదయం పది నిమిషాల టీచరమ్మ గొంతు గుర్తుకు వచ్చింది.

"చూసేవాళ్ళు లేకపోతే తోటేమిటి, అడవి," అన్నది అమ్మ. అని లేచి, గులాబీల వైపు నడిచింది.

గులాబీ తోటలో ఒక ముసలాయన, నెత్తిన గడ్డిటోపీ, చేతికి తోలు తొడుగులు, వాడిన పూలు కత్తిరించి బుట్టలో వేస్తున్నాడు. జీతం లేకుండా వారానికి రెండు రోజులు వచ్చి పనిచేస్తాడట. అమ్మ అతని వెనుక నిలబడి ఐదు నిమిషాలు చూసింది. తరువాత మాతో, "పైపైన కోస్తున్నాడు, అయిదాకుల రెమ్మ దాకా దిగి కోయమని చెప్పు" అన్నది. మేము మొహమాటపడ్డాము. మా ఏడేళ్ళ అమ్మాయికి మొహమాటం లేదు, వెంటనే ఇంగ్లీషులో చెప్పేసింది. ఆయన టోపీ సర్దుకొని అమ్మను పైనుంచి క్రిందికి చూశాడు. ఏమంటాడోనని మాకు బెరుకు. "ఆమె చెప్పింది నిజమే, ఎండకు బద్ధకించాను" అని కత్తెర ఆమె చేతిలో పెట్టాడు.

అమ్మ కత్తెర వైపు చూసింది, మా వైపు చూసింది. మా ఇంటావిడ గబగబా పిల్లవాణ్ణి ఎత్తుకొని, "మేం మేడ చూసివస్తాం అత్తయ్యగారూ" అని అందరినీ అక్కడినుంచి కదిలించింది. ఆ సమయస్ఫూర్తి మాకు వచ్చేది కాదు.

మేడమీది కిటికీలో నుంచి చూస్తే గులాబీల మధ్య తెల్లచీర కనబడుతున్నది. ఆమె ఒక వరుస, ఆయన ఒక వరుస. అప్పుడప్పుడు ఒకరికొకరు ఏదో చెప్పుకొంటున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ముప్పావుగంట తరువాత క్రిందికి దిగేసరికి ఆమె ముంజేతిమీద రెండు ముళ్ళగీతలు ఉన్నాయి, మొహాన చెమట పట్టింది. ఆయన ఒక ఎర్రగులాబీ కోసి ఆమెకు ఇచ్చాడు. అమ్మ తీసుకొన్నది. మనుమరాలి జడలో పెట్టలేదు, పారేయలేదు, దేవుడికనీ అనలేదు. కారెక్కేదాకా చేతిలోనే ఉంచుకొన్నది.

భోజనానికి సరస్సు ఒడ్డున కెర్షా పార్కుకు వెళ్ళాము. పచ్చిక, చెట్లనీడ, పిల్లలు దిగడానికి లోతులేని నీళ్ళు, పక్కనే రేవుకట్ట మీద నీటిలో గుంజలపై నిలబెట్టిన పాతకాలపు పడవల కొట్టాలు. సరస్సు పొడవు సుమారు 16 మైళ్ళు, వెడల్పు మైలున్నర మాత్రమే. హిమానీనదాలు గోటితో గీరినట్టు దొలిచిన పదకొండు ఫింగర్ సరస్సులలో ఇది ఒకటి. మిక్కిలి లోతైన చోట 276 అడుగులు. ఒడ్డున మాత్రం మోకాలు దాకా రాదు. అమ్మ చీర కాస్త పైకెత్తి నీళ్ళలోకి నాలుగడుగులు నడిచి, కాళ్ళు కడుక్కొని, మూడుసార్లు నెత్తిన చల్లుకొన్నది. "ఇదీ చెరువంటే," అన్నది. నయాగరా మార్కులు అక్కడితో పోయాయి.

పులిహోర తింటుండగా మా ఇంటావిడ మాకు సైగ చేసింది. మేము గొంతు సవరించుకొని అర్జీ సంగతి చెప్పాము. ఇంకో ఆరు నెలలు ఉంటే బాగుంటుందనీ, పిల్లలకు తెలుగు వస్తుందనీ, అక్కడ ఒక్కతే ఎలా ఉంటుందనీ అన్నీ వరసగా చెప్పాము. ముందుగానే చెప్పుకొన్న పాఠం కదా, తప్పుల్లేకుండా వచ్చింది.

అమ్మ విస్తరాకులో మిగిలిన వడియం మనుమడికి ఇచ్చి, "నీ భయం నాకు తెలుసురా నాన్నా," అన్నది. "నువ్వు రాలేకపోయావని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను ఇక్కడ కూర్చోబెడితే అది తీరుతుందా?"

మేము మాట్లాడలేదు.

"జాజిపందిరి గుంజ ఒరిగిందని ఆ టీచరమ్మ మూడు వారాలుగా చెబుతోంది. ఆవిడకు మాత్రం ఎన్నని పనులు! ఆగస్టుకు వెళ్ళిపోతాను. వచ్చే వేసవికి మళ్ళీ వస్తాను, ఈసారి మంచులో కాదు. ఆ కల్యాణమంటపం గది మాట మానెయ్యి. మీ నాన్నకు ఆ మైకు చప్పుడంటేనే పడదు. మునిసిపాలిటీ ఆసుపత్రిలో ఆవరణ అంతా బీడు, రోగుల వెంట వచ్చినవాళ్ళు ఎండలో కూర్చుంటారు. నాలుగు చెట్లు వేయించి, నీళ్ళు పోసేవాడికి నెలనెలా జీతం పంపు. జీతం ఆపకూడదు."

"మనిషిని చూసేవారు?" అని మా ఇంటావిడ అడిగింది.

"నేనున్నానుగా."

ఆ పని ఎంతవరకు వచ్చిందో మరో సంచికలో వ్రాస్తాము. అనుమతికి అర్జీ పంపించాము, జవాబు రావాలి. సొరుగులోని అర్జీ సొరుగులోనే ఉన్నది. నాలుగో రోజు చేరిన సంగతి మాలో తీరిందని మాత్రం వ్రాయలేము.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. తోటలు మే నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటాయి. గులాబీలు చూడాలంటే జూన్ చివర మంచిది. గట్టి చెప్పులు వేసుకోవాలి. సరస్సు దగ్గర అమ్మే ఫ్రోజెన్ కస్టర్డ్ ఐస్‌క్రీములాగే ఉంటుంది గాని దానిలో గుడ్డు పచ్చసొన వేస్తారు. నియమం ఉన్న పెద్దలకు ముందే చెప్పండి. మేము సగం తినిపించిన తరువాత చెప్పి చీవాట్లు తిన్నాము.

తిరుగుదారిలో అమ్మ, ఆ ముసలాయన దగ్గర ఉన్నటువంటి కత్తెర ఎక్కడ దొరుకుతుందని అడిగింది. మర్నాడు సాయంత్రం ఇనుపసామాను కొట్లో రెండు కొన్నాము, ఒకటి టీచరమ్మకు. విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరనీ, పెద్ద పెట్టెలోనే సర్దాలనీ మూడుసార్లు చెప్పాము. ప్రస్తుతానికి అది కిటికీ పక్క కుర్చీ చేతిమీద ఉన్నది, మా ఇంటి ముందున్న గులాబీలకు ఈ వారం రెండుసార్లు క్షౌరమైంది.